ఎండిన సముద్రం అడుగున ఏముంది?

అందరికీ నమస్కారం.

మధ్య ఆసియాలో ఎండిపోయిన అరల్ సముద్రం అనగానే చాలామందికి ఒక ఫోటో గుర్తొస్తుంది. మొయినాక్ రేవు దగ్గర ఇసుకలో కూరుకుపోయి, తుప్పు పట్టిన చేపల పడవలు. ఈసారి ఆ ఫోటో చూసినప్పుడు పడవల్ని వదిలేసి వాటి కింద నేలను చూడండి. ఈరోజు నా మాటలన్నీ ఆ నేల గురించే.

1960లో అరల్ విస్తీర్ణం దాదాపు 68,000 చదరపు కిలోమీటర్లు. దాన్ని నింపే అము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని సోవియట్ ప్రభుత్వం పత్తి సాగుకు మళ్లించింది. ఇప్పటికి 50,000 చదరపు కిలోమీటర్లకు పైగా అడుగు బయటపడింది. దానికి అరల్‌కుమ్ ఎడారి అని పేరు కూడా వచ్చేసింది. ఇలాంటి సముద్రాల్లోకి నీరు రావడమే గానీ బయటికి పోయే దారి ఉండదు. నీరు ఆవిరవుతుంది, నది తెచ్చిన ఉప్పు మిగిలిపోతుంది. దానికి తోడు పొలాల నుంచి కొట్టుకొచ్చిన డీడీటీ లాంటి పురుగుమందులు.

అయితే బయటపడిన నేలంతా దుమ్ము లేపదు. ఏ ఉప్పు ఉందన్నది ముఖ్యం. మనం తినే ఉప్పు ఎండితే గట్టి పెచ్చు కడుతుంది. నడిస్తే కరకరలాడుతుంది తప్ప గాలికి లేవదు. సోడియం సల్ఫేట్ సంగతి వేరు. చలికి అది నీటిని తన స్ఫటికాల్లోకి లాక్కుని ఉబ్బుతుంది. గాలి పొడిగా మారగానే ఆ నీరు పోయి తెల్లటి మెత్తని పొడి మిగులుతుంది, నేల గుల్లబారిపోతుంది. అడుగు వేస్తే కాలు దిగబడుతుంది.

ఆ పొడిని కూడా గాలి నేరుగా లేపలేదు. మరీ సన్నటి రేణువులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. వాటిని విడగొట్టేది ఇసుక. గాలికి ఇసుక రేణువులు గంతులేస్తూ వచ్చి ఆ నేలను కొడతాయి. అప్పుడు దుమ్ము లేస్తుంది. ఇసుక దగ్గర్లోనే పడిపోతుంది, దుమ్ము వందల కిలోమీటర్లు పోతుంది. 2018 మే నెలాఖరులో అరల్‌కుమ్ నుంచి లేచిన ఉప్పు తుఫాను ఉజ్బెకిస్తాన్‌లోని కరకల్పక్‌స్తాన్, ఖోరెజ్మ్ ప్రాంతాల మీదుగా తుర్క్‌మెనిస్తాన్ దాకా పోయింది. పొలాల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది.

అరల్‌కుమ్‌లో సాక్సాల్ అనే ఎడారి పొద మొక్కలు నాటేది ఎడారిని అడవి చేద్దామని కాదు. నేల దగ్గర గాలి వేగం తగ్గితే ఇసుక గంతులు ఆగుతాయి. కాలిఫోర్నియాలోని ఓవెన్స్ సరస్సులోనూ అదే లెక్క. దాని నీటిని లాస్ ఏంజెలెస్ 1913 నుంచి కాలువలో తీసుకుపోయింది. సరస్సు 1920లలోనే ఎండింది. దుమ్ము అణిచే పని పెద్ద ఎత్తున మొదలైంది మాత్రం 2000 తర్వాతే! కొన్ని అంగుళాల నీరు నిలబెట్టారు, ఉప్పును తట్టుకునే గడ్డి పెంచారు, కంకర పరిచారు. ఖర్చు 200 కోట్ల డాలర్లు దాటింది.

ఇంతకంటే విడ్డూరం కాస్పియన్ సముద్రానికి ఆనుకుని ఉన్న కారా-బోగాజ్-గోల్ అఖాతం కథ. కాస్పియన్ మట్టం పడిపోతోంది, ఈ అఖాతమే నీరంతా తాగేస్తోంది అని 1980లో అడ్డుకట్ట వేశారు. కాస్పియన్ అప్పటికే, 1978 నుంచే, మళ్లీ పెరగడం మొదలుపెట్టింది. అఖాతం కొన్నేళ్లకే ఎండి ఉప్పు గాలికి లేచింది. చివరికి 1992లో కట్టను తొలగించారు. కట్టలన్నీ ఇలాంటివే అనుకోకండి. 2005లో కజకిస్తాన్ పూర్తి చేసిన కోకరాల్ డ్యామ్ వల్ల ఉత్తర అరల్‌లో నీరు నిలిచింది, చేపలు తిరిగొచ్చాయి. కాకపోతే దక్షిణ భాగానికి ఆ అదృష్టం లేదు.

ఇప్పుడు అందరి టెన్షన్ అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ గురించి. 2022 నవంబర్‌లో దాని మట్టం రికార్డు స్థాయికి పడిపోయింది. అడుగు మట్టిలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉంది, పక్కనే పెద్ద నగరం ఉంది. ప్రస్తుతానికి చాలా చోట్ల పెచ్చు గట్టిగానే ఉంది. బళ్లు తోలితే చాలు, పగిలిపోతుంది. పెచ్చు పగలకుండా చూడటం ఒక పని. పశువుల మేత కోసం అల్ఫాల్ఫా పండించే పొలాలకు పోతున్న నది నీటిలో కొంత సరస్సుకు వదిలించడం ఇంకో పని, అసలు పేచీ అంతా దాని మీదే నడుస్తోంది.