ఖాళీ మంచం ఎక్కడుంది?

శ్రోతలకు నమస్కారం.

విదేశం వెళ్లాలనుకోగానే మనం మొదట చేసే పని విమానం టికెట్ వెతకడం. మూడు వారాలు వెతుకుతాం. మంగళవారం చవకట అని ఎవరైనా అంటే మంగళవారం చూస్తాం, అర్ధరాత్రి తగ్గుతుందట అంటే అలారం పెట్టుకుని మరీ లేస్తాం. చివరికి ఎంతో కొంత తగ్గించి కొని, ఊపిరి పీల్చుకుని, మిగిలిన కాస్త ఓపికతో పావుగంటలో హోటల్ గది తీసేసుకుంటాం. లెక్క చూస్తే ఇది తలకిందుల వ్యవహారం. టికెట్‌కి ఒక్కసారి కడతాం. గదికి రాత్రి రాత్రికీ కడతాం. అందుకే నేను ముందు గదుల ధరలు చూస్తాను, వాటిని బట్టి తేదీలు అనుకుంటాను, టికెట్ జోలికి ఆ తరవాతే వెళ్తాను.

గదుల ధరలు చూడటమంటే చవక గది కోసం వెతకడం కాదు. ఖాళీ మంచం కోసం వెతకడం. ఈ రెంటికీ తేడా ఉంది. దానికో పాత కథ చెబుతాను.

జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ అని ఒక బడిపంతులు. 1909లో పిల్లల్ని వెంటబెట్టుకుని కాలినడకన ఊళ్లు తిరుగుతుంటే గాలివాన పట్టుకుంది. దారిలో ఒక బడిలో తలదాచుకున్నారు. పిల్లలు గడ్డి పరుచుకుని పడుకున్నారు. పంతులుగారికి మాత్రం నిద్ర పట్టలేదు. సెలవుల్లో బళ్లన్నీ ఇలా ఖాళీగానే పడి ఉంటాయి కదా, తిరిగే పిల్లలకు వీటిల్లోనే మకాం ఏర్పాటు చేయొచ్చు కదా అని ఆ రాత్రి ఆలోచించారు. అందులోంచే 1912లో ఆల్టెనా అనే ఊరి పాత కోటలో మొదటి యూత్ హాస్టల్, అంటే ప్రయాణంలో ఉన్న కుర్రకారు దిగే బస, పుట్టింది. ఇవాళ ప్రపంచమంతా ఉన్న హాస్టళ్లకు మూలం అదే.

దీనికి తిరగేసిన కథ కూడా ఒకటుంది. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డిజైనర్ల మహాసభ జరిగింది. ఊళ్లో హోటళ్లు నిండిపోయాయి. ఇంటద్దె కట్టలేక సతమతమవుతున్న ఇద్దరు కుర్రాళ్లు తమ ఇంట్లో గాలి పరుపులు వేసి డబ్బు తీసుకున్నారు. ఇళ్లు, గదులు ప్రయాణికులకు అద్దెకు కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీ అలా మొదలైంది. ఒకచోట ఖాళీ మంచాలు, ఒకచోట మంచం దొరకని ఊరు. బస ఖర్చు మొత్తం ఈ రెంటి మధ్యే పైకీ కిందికీ ఊగుతుంటుంది.

కాబట్టి వెళ్లే ఊరు ఎప్పుడు నిండుతుందో, ఎప్పుడు ఖాళీ అవుతుందో కనుక్కోవడం మొదటి పని. అక్టోబరులో పుస్తక ప్రదర్శన రోజుల్లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మామూలు గది కూడా చుక్కల్లో ఉంటుంది. జపాన్‌లో ఏప్రిల్ నెలాఖరు నుంచి మే మొదటి వారం దాకా వరసగా సెలవులు, దేశం దేశమంతా ప్రయాణంలోనే ఉంటుంది. అదే బ్రసెల్స్ సంగతి చూడండి. అక్కడ యూరోపియన్ యూనియన్ కార్యాలయాలున్నాయి. వారం మధ్యలో హోటళ్లలో పని మీద వచ్చినవాళ్లే. శుక్రవారం సాయంత్రానికి వాళ్లంతా ఇళ్లకు వెళ్లిపోతారు, గదుల ధర దిగుతుంది. జనం సరదాగా తిరగడానికి వెళ్లే ఊళ్లలో దీనికి సరిగ్గా వ్యతిరేకం, శని ఆదివారాలే మంట. పని ఊరు ఒకటి, సరదా ఊరు ఒకటి కలిసిన ప్రయాణమైతే ఏది వారాంతంలో పెట్టుకోవాలో మీకే తెలుస్తుంది.

షిర్మాన్ ఆలోచన ఇప్పటికీ అచ్చంగా పనిచేసే చోటు విశ్వవిద్యాలయాలు. లండన్‌లో వేసవి సెలవులకు విద్యార్థులు ఇళ్లకు వెళ్లగానే వాళ్ల హాస్టల్ గదులు బయటివాళ్లకు ఇస్తారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కాలేజీల్లోనూ అంతే. గది చిన్నది. ఒంటి మంచం, చదువుకునే బల్ల, కొన్నిచోట్ల స్నానాల గది నడవా చివర. కానీ ఉన్నది ఊరి నడిబొడ్డున. కొన్ని కాలేజీల్లో ఉదయం ఫలహారం విద్యార్థులు తినే ఆ పొడవాటి భోజనశాలలోనే పెడతారు. హోటల్లో డబ్బు పోసినా ఆ అనుభవం రాదు.

ఇక ప్రయాణికుల హాస్టల్ అనగానే పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. చాలా హాస్టళ్లలో విడి గదులూ ఉంటాయి, కుటుంబాలూ దిగుతాయి. ఆరుగురు పడుకునే గదే తీసుకున్నా, మంచానికి తెర, తల దగ్గర చిన్న దీపం, చార్జర్ పెట్టుకోవడానికి ప్లగ్గు ఉన్నాయో లేదో ఫొటోల్లో చూసుకోండి. ఈ మూడూ ఉంటే సగం ఇబ్బంది తగ్గినట్టే. లాకర్ ఇస్తారు గానీ తాళం ఇవ్వని చోట్లు ఎక్కువ. తాళంకప్ప మీ సంచిలోనే ఉండాలి. గురకకు మాత్రం చెవుల్లో దూది తప్ప నాకు తెలిసిన మందు లేదు.

సెలవులకు ఒకరింట్లో ఒకరు దిగేలా ఇళ్లు మార్చుకోవడం, ఊరెళ్లినవాళ్ల ఇంటికి, పెంపుడు కుక్కకు కాపలా ఉండటం కూడా ఖాళీ మంచం లెక్కే. అయితే బస కోసం ఏదైనా పని చేసిపెట్టే ఒప్పందమైతే జాగ్రత్త. జీతం లేకపోయినా కొన్ని దేశాల సరిహద్దు అధికారులు దాన్ని ఉద్యోగంగానే చూస్తారు. పర్యాటక వీసా మీద వెళ్లి విమానాశ్రయం నుంచే వెనక్కి రావలసి వస్తే మిగిలేదేమీ లేదు.

నేను మోసపోయింది మాత్రం దూరం దగ్గర. ఒకసారి ఊరి చివర గది సగం ధరకే వస్తోందని ఎగబడి తీసుకున్నాను. మా విమానం ఆలస్యమైంది. దిగేసరికి ఆఖరి రైలు వెళ్లిపోయింది. టాక్సీవాడికి ఇచ్చింది రెండు రాత్రుల మిగులు. తీరా వెళ్తే పదకొండు దాటితే తలుపు తీయరని గాజు తలుపు మీద కాగితం అంటించి ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ చలిలో మెట్ల మీద కూర్చుని ఫోన్ చేస్తూ ఉండగా అర్థమైంది, గది ధరంటే తెర మీద కనిపించే అంకె కాదని.

అప్పటినుంచి ఒక కాగితం మీద రాసుకుంటాను. గది ధర. దాని పక్కన రోజూ రానూ పోనూ బస్సుకో రైలుకో అయ్యే ఖర్చు, మనుషుల లెక్కన. దాని పక్కన పన్నులు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి గది ధర మీద 12.5 శాతం పర్యాటక పన్ను ఉంది. కొన్ని ఊళ్లలో ఇలాంటి పన్ను అక్కడికి వెళ్లాక చేతికి తీసుకుంటారు. అమెరికాలో రిసార్ట్ ఫీజు పేరుతో చివర్లో కలిపే వడ్డనలు ఎక్కువయ్యాయని, మొత్తం ధర ముందే చూపాలని 2025 మే నుంచి నిబంధన అమలు చేస్తున్నారు. జపాన్‌లో చాలాచోట్ల ధర గదికి కాదు, మనిషికి. ఇవన్నీ కలిపి చూస్తే, ఖరీదనుకున్న స్టేషన్ పక్క గదే ఒక్కోసారి చవకగా తేలుతుంది. వంటగది ఉన్న బస అయితే రోజుకొక పూట బయట తినే ఖర్చు అందులోంచి తీసేయండి.

అద్దె ఇళ్ల విషయంలో ఇంకో మాట. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి, 30 రోజుల లోపు అద్దెకైతే ఇంటివాళ్లు కూడా ఆ ఇంట్లోనే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. బార్సిలోనా 2028 నాటికి పర్యాటకుల ఫ్లాట్ల లైసెన్సులన్నీ ఎత్తేస్తామంటోంది. ఇల్లు మరీ చవకగా కనిపిస్తే, ప్రకటనలో లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. అనుమతి లేని ఇంటికి డబ్బు కడితే ప్రయాణానికి వారం ముందు రద్దయిందని కబురు రావచ్చు.

బుకింగ్ ఎప్పుడూ రద్దు చేసుకునే వీలున్నదే తీసుకుంటాను, నాలుగు డబ్బులు ఎక్కువైనా. యూరప్‌లోని చాలా దేశాలకు ఒకటే ఉండే షెన్‌గెన్ వీసాకు బస ఆధారం ఎలాగూ చూపాలి, వీసా రాకపోతే డబ్బు వెనక్కి రావాలి కదా. పైగా ఉచితంగా రద్దు చేసుకునే గడువు ముగిసేలోగా అదే గదిని మళ్లీ వెతికి చూస్తాను. తగ్గితే కొత్తది తీసుకుని, పాతది వదిలేస్తాను. ఆ గడువు తేదీని క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో రాసి పెట్టుకోండి. గడువు ఏ దేశపు గడియారం ప్రకారమో కూడా పక్కనే రాసుకోండి.

సెలవు. నమస్కారం.