ప్లాటు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంటే గండిపేట చెరువుకేంటి నష్టం?

"చెరువు ఎక్కడో, నా ప్లాటు ఎక్కడో, మధ్యలో ఎనిమిది కిలోమీటర్లు. దీనికీ దానికీ ఏంటండీ సంబంధం?" గండిపేట మాటెత్తితే చాలు, ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. బాగా చదువుకున్నవాళ్లు కూడా! అందుకే ఈ వీడియో.

1908లో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేసింది. మళ్లీ అలా జరగకుండా, నగరానికి తాగునీళ్లూ దొరికేలా విశ్వేశ్వరయ్య గారి సలహాతో నిజాం రెండు చెరువులు కట్టించారు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1927లో మూసీలో కలిసే ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఇది గుర్తుంటే చాలు.

(టేబుల్ మీద కాఫీ ఫిల్టర్)

ఇదిగో, కింది గిన్నె చెరువు. డికాక్షన్ కనిపించేది ఇందులోనే కాబట్టి మనం దీన్నే కాపలా కాస్తాం, చుట్టూ కంచె వేస్తాం, బోర్డు పాతుతాం. కానీ డికాక్షన్ తయారయ్యేది పై గిన్నెలో. గండిపేటకి ఆ పై గిన్నె వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల దాకా పరుచుకుని ఉంది. అక్కడ పడిన వాన పొలాల్లో ఇంకి, వాగుల్లోకి ఊరి, మెల్లగా దిగుతుంది.

ఇప్పుడు పొడిని గట్టిగా అదిమేసి నీళ్లు పోయండి. చుక్క దిగదు, నీళ్లన్నీ పైనే నిలబడతాయి. నేల మీద కాంక్రీటు పోస్తే జరిగేది ఇదే, కాకపోతే అక్కడ నీళ్లు నిలబడవు, రోడ్ల మీది ఆయిలూ చెత్తా డ్రైనేజీ అన్నిటినీ ఊడ్చుకుని ఒక్కసారిగా వాగులో పడతాయి. వాన వెలిశాక ఆ వాగు ఎండిపోతుంది, నేల తాగి దాచుకుంటేనే కదా తర్వాత వదిలేది.

ఏదైనా కొత్త లేఔట్‌లో నిలబడి చూడండి. ఎర్ర మొరం రోడ్డు, అటూ ఇటూ సున్నం పూసిన రాళ్లు, రోడ్డు కింద ఒక సిమెంటు గొట్టం ఉంటాయి. చాలాచోట్ల ఆ గొట్టమే ఒకప్పటి వాగు.

"శుద్ధి చేసుకోవచ్చు కదా" అంటారు. పటిక వేస్తే మట్టి అడుక్కి దిగుతుంది, క్లోరిన్‌తో క్రిములు చస్తాయి, నిజమే. కానీ ఎరువుల నుంచి వచ్చిన నైట్రేటు ఈ రెండింటికీ లొంగదు. పైగా నీళ్లలో కుళ్లు ఎక్కువైతే క్లోరిన్ దానితో కలిసి ట్రైహాలోమీథేన్లు అనే హానికరమైన రసాయనాలు తయారవుతాయి, అదో కొత్త తలనొప్పి. పై గిన్నెలో ఏది పడినా పర్వాలేదు, కింద వడకట్టుకుందాం అని ఇంట్లో ఎవరైనా అంటే ఆ కాఫీ తాగుతారా మీరు?

ఈ పై గిన్నెని గుర్తించిన కాగితం 1996 మార్చి 8 నాటి జీవో 111. చెరువుల చుట్టూ 10 కిలోమీటర్లలో, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దంది. ఒక నూనె పరిశ్రమకి ప్రభుత్వమే మినహాయింపు ఇస్తే 2000లో సుప్రీంకోర్టు చెల్లదంది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చి ఆ ఆంక్షలు ఎత్తేసింది. నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కాబట్టి ఈ చెరువులతో పెద్దగా పని లేదట. ఆ నీళ్లని వంద కిలోమీటర్ల అవతల నుంచి మోటార్లతో ఎత్తిపోయాలి, గండిపేట నీళ్లు వాలుకే దిగొస్తాయి. కరెంటు బిల్లు ఎవరు కడతారో మీరే ఆలోచించండి.

అలాగని ఆ 84 గ్రామాల వాళ్ల కోపం తప్పని నేననను. నీళ్లు నగరానికి, ఆంక్షలు ఊళ్లకి, డబ్బు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. న్యూయార్క్ నగరం 1997లో తనకి తాగునీళ్లొచ్చే ఎగువ క్యాట్‌స్కిల్ కొండల ఊళ్లతో ఒప్పందం చేసుకుని రైతులకీ సెప్టిక్ ట్యాంకుల బాగుకీ తనే డబ్బు పెట్టింది, ఆ నీళ్లకి భారీ ఫిల్టర్ ప్లాంటు కట్టే ఖర్చు తప్పించుకుంది. మనకి ఆ లెక్క ఎందుకు తట్టదో!

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. వాగుల గట్ల మీద చెట్లు ఉంచాలి, ఊళ్ల మురుగు అక్కడికక్కడే శుద్ధి కావాలి, ఎరువు తగ్గించిన రైతుకి నగరం డబ్బివ్వాలి. ప్లాటు కొనేవాళ్లు బ్రోచర్ పక్కన పెట్టి గ్రామ నక్షా, అంటే ఊరి సర్వే మ్యాపు అడగండి, వాగు ఎక్కడ గీశారో చూడండి. చూపించకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి.