ఎవరి వైపు నుంచి వచ్చింది?

(చర్చలో పాల్గొన్నవారు: పిల్లల గుండె వైద్యురాలు, జన్యుశాస్త్ర పరిశోధకుడు, గుండె ఆపరేషన్ అయిన పాప తల్లి)

యాంకర్: నమస్కారం. పుట్టుకతో వచ్చే గుండె లోపాల గురించి ఈ రోజు చర్చ. అమ్మా, మీతోనే మొదలుపెడదాం. పాప గుండెలో చిల్లు ఉందని ఎప్పుడు తెలిసింది?

తల్లి: మూడో నెలలోనండి. పాలు తాగేటప్పుడు నుదుటి మీద చెమటలు పట్టేవి. రెండు గుక్కలు తాగి ఆయాసంతో వదిలేసేది. ఊళ్లో చూపిస్తే నిమ్ము అని రెండుసార్లు మందులిచ్చారు. మూడోసారి ఒకాయన స్టెత్ పెట్టి చాలాసేపు విని, ఎకో, అంటే గుండెకు తీసే స్కాన్, తీయించమన్నారు. రిపోర్టు ఇంటికి తెచ్చామో లేదో, మా అత్తగారు అడిగిన మొదటి మాట "మీ వైపు ఎవరికైనా ఉందా?" అని. మా అమ్మేమో గ్రహణం రోజు నేను కూరగాయలు తరిగానేమో అని గుర్తుచేసుకుంటూ కూర్చుంది.

వైద్యురాలు: ఆ చెమట మాట తల్లులందరూ గుర్తుపెట్టుకోవాలి. పసిబిడ్డకు పాలు తాగడమంటే మనకు మెట్లెక్కడం లాంటిది. గుండె నీరసంగా ఉంటే అక్కడే బయటపడుతుంది. ఇక గ్రహణమంటారా, మన భాషలో పెదవి చీలికకు పేరే గ్రహణం మొర్రి! ఏం చేస్తాం. పుట్టే ప్రతి వంద మందిలో సుమారు ఒకరికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. గర్భం మూడో వారంలో గుండె ఒక గొట్టంలా మొదలై, మెలిక తిరిగి, ఎనిమిదో వారానికల్లా నాలుగు గదులుగా తయారవుతుంది. చాలామందికి నెల తప్పిందని తెలిసేసరికే ఆ పని మొదలైపోయి ఉంటుంది. మీకు గ్రహణం ఏ నెలలో వచ్చింది?

తల్లి: ఆరో నెలలో.

వైద్యురాలు: ఇంకేం. అప్పటికి చిల్లు ఉండనే ఉంది.

యాంకర్: మరి అసలు కారణం ఏమిటి?

వైద్యురాలు: ఎక్కువ మందిలో ఇదీ అని ఒక్కటి చూపించలేం. కొన్ని మాత్రం ఖాయంగా తెలుసు. ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండే డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. తొలి నెలల్లో తల్లికి రుబెల్లా అనే వైరస్ జబ్బు వచ్చినా, షుగర్ అదుపులో లేకపోయినా ముప్పు పెరుగుతుంది.

పరిశోధకుడు: జన్యువుల సంగతి నేను చెప్తాను. కొన్ని కుటుంబాల్లో గుండె పై గదుల మధ్య చిల్లు, గుండెలో కరెంటు సరిగా పారకపోవడం, రెండూ తరతరాలుగా వస్తుంటాయి. అలాంటి కుటుంబాలను పరిశీలించి 1998లో ఎన్‌కేఎక్స్2-5 అనే జన్యువులో లోపం పట్టుకున్నారు. కానీ అలాంటి ఇళ్లు తక్కువ. కొందరు పిల్లల్లో అమ్మలోనూ నాన్నలోనూ లేని మార్పు కొత్తగా పుడుతుంది. అప్పుడు "ఎవరి వైపు" అన్న ప్రశ్నకు జవాబే లేదు.

యాంకర్: మేనరికాల మాటేమిటి సార్?

తల్లి: మాది మేనరికం కాదండి. మా అత్తమామలదే మేనరికం.

(నవ్వులు)

పరిశోధకుడు: మేనమామకూ మేనకోడలికీ సగటున పావు వంతు జన్యువులు ఉమ్మడి. బావామరదళ్లకైతే ఎనిమిదో వంతు. ఒకే లోపం ఇద్దరిలోనూ దాగి ఉంటే బిడ్డకు జోడీగా చేరే అవకాశం పెరుగుతుంది. అలాగని బయటి సంబంధం చేసుకున్నాం, నిశ్చింత అనుకోవద్దు. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. దక్షిణాసియాలో 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించినవని తేలింది. వరసకు ఏమీ కాకపోయినా, వందల ఏళ్లుగా ఒకే కులంలో పెళ్లిళ్లు జరిగితే లోపల చుట్టరికం ఉంటుంది.

యాంకర్: ఉదాహరణ చెప్తారా?

పరిశోధకుడు: వైశ్య కుటుంబాల్లో మత్తు డాక్టర్లకు బాగా తెలిసిన విషయం ఒకటుంది. ఆపరేషన్‌కు ముందు గొంతులో గొట్టం వేయడానికి కండరాలు సడలించే మందు, సక్సినైల్‌కోలిన్, ఇస్తారు. అది కొద్ది నిమిషాల్లో విరిగిపోవాలి. దాన్ని విరిచే ఎంజైమ్ జన్యులోపం వల్ల కొందరిలో పనిచేయదు. వాళ్లు గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీద ఉంచాల్సిందే. ముందే చెబితే డాక్టర్ వేరే మందు వాడతారు, అంతే. ఇంట్లో ఎవరికైనా అలా జరిగితే దాచకూడదు. సంబంధాలు చెడతాయని దాస్తున్నారు, అదీ నా బాధ.

యాంకర్: గుండెకు సంబంధించి సీసీఎంబీ పరిశోధన కూడా ఒకటి ఉంది కదా?

పరిశోధకుడు: 2009లో వచ్చింది. గుండె కండరానికి కావాల్సిన ఒక ప్రొటీన్ జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు కొందరిలో ఎగిరిపోయి ఉంటాయి. భారత ఉపఖండంలో నూటికి నలుగురిలో ఆ మార్పు కనిపించింది. ఇది చిల్లు కాదు. పుట్టుకతో వెంట వచ్చి, నడివయసులో గుండె కండరాన్ని దెబ్బతీసేది.

వైద్యురాలు: ఒక్క మాట. ఆ అక్షరాలు పోయిన వాళ్లంతా జబ్బు మనుషులు కారు. ఇలాంటి వార్త రాగానే నా ఓపీకి టెస్టుల కాగితాలు పట్టుకుని వచ్చేస్తారు. జన్యు పరీక్ష కంటే ముందు పుట్టిన ప్రతి బిడ్డకూ కుడిచేతికీ, కాలికీ రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సిమీటర్ పెట్టండి అంటాను నేను.

పరిశోధకుడు: దానికి ఈ పాప చిల్లు దొరికేదా?

వైద్యురాలు: దొరకదు, ఒప్పుకుంటాను. ఆక్సిజన్ తగ్గించే లోపాలే అందులో తెలుస్తాయి. దీనికి స్టెత్‌తో ఓపిగ్గా వినాలి, ఎకో తీయాలి. అయినా నా వరస అదే. ముందు బిడ్డను బతికించే పరీక్ష, జన్యువులు తర్వాత.

పరిశోధకుడు: రెండో బిడ్డ గురించి అడిగే తల్లికి ఆ "తర్వాత" చాలా ముఖ్యం మేడమ్.

తల్లి: నేను అదే అడుగుదామనుకుంటున్నా. పాపకు ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఇల్లంతా పరుగులే. కానీ మళ్లీ కడుపు నిలిస్తే అన్న టెన్షన్ పోవడం లేదు.

వైద్యురాలు: మీ ఇద్దరికీ గుండె లోపం లేదు, పాపకు వేరే సిండ్రోమ్ లేదు. ఇలాంటప్పుడు తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి మూడు దాకా ఉంటుంది. అంటే తొంభై ఏడుసార్లు రాదు. అయిదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూడటానికి అందరికీ తీసే టిఫా స్కాన్‌తో సరిపెట్టుకోకుండా, 18 నుంచి 22 వారాల మధ్య కడుపులో బిడ్డ గుండెకు ప్రత్యేకంగా ఎకో తీయించండి.

తల్లి: నూటికి మూడేనా! నేను చెబితే మా అత్తగారు నమ్మరు మేడమ్.

వైద్యురాలు: ఈసారి చెకప్‌కు ఆవిడను కూడా తీసుకురండి. తెర మీద చూపిస్తాను. అత్తమామలది మేనరికమని మాత్రం నేను అనను, అది మీరే చూసుకోండి.