రికెల్మే: పరుగెత్తకుండానే మ్యాచ్ నడిపినవాడు

[విజువల్: లా బొంబొనేరా స్టేడియం, 2001 ఏప్రిల్ 8]

ముందు ఈ సీన్ చూడండి. అర్జెంటీనా ఫుట్‌బాల్‌లో బద్ధ శత్రువులైన రెండు క్లబ్‌లు, బొకా జూనియర్స్, రివర్ ప్లేట్ మ్యాచ్. బొకా మిడ్‌ఫీల్డర్ రికెల్మే పెనాల్టీ కొట్టాడు, కీపర్ ఆపేశాడు, వెనక్కొచ్చిన బంతిని తలతో లోపలికి తోసేశాడు. ఇంకొకడైతే గంతులేసేవాడు. ఇతను మాత్రం క్లబ్ ప్రెసిడెంట్ మౌరిసియో మాక్రి బాక్స్ వైపు తిరిగి, రెండు అరచేతులూ చెవుల వెనక పెట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. అప్పట్లో ఇద్దరికీ కాంట్రాక్ట్ గొడవ. అడిగితే, మా పాపకి టోపో జీజో అనే పెద్ద చెవుల ఎలుక బొమ్మంటే ఇష్టం, అందుకే అన్నాడు. ఎవరు నమ్ముతారండీ!

1978లో బ్యూనస్ ఎయిర్స్ పక్కన శాన్ ఫెర్నాండోలో పుట్టాడు, 11 మంది పిల్లల్లో పెద్దవాడు. అతను ఆడే చోటుని అర్జెంటీనావాళ్లు ఎంగాంచే అంటారు, అంటే కొక్కెం, మిడ్‌ఫీల్డ్‌నీ ఫార్వర్డ్‌లనీ కలిపేది.

[క్లిప్: 2000 లిబర్టాడోరెస్ (దక్షిణ అమెరికా క్లబ్‌ల కప్) క్వార్టర్ ఫైనల్]

స్లో మోషన్‌లో చూడండి. మళ్లీ రివర్ జట్టే. వెనకాల రివర్ డిఫెండర్ యెపెస్ అంటుకుని ఉన్నాడు, రికెల్మే వీపు అతని వైపే. బంతిని బూటు అడుగుతో వెనక్కి లాగాడు, అది యెపెస్ కాళ్ల మధ్య నుంచి పోయింది, ఇతను చుట్టూ తిరిగి వెళ్లి అందుకున్నాడు. స్పీడ్ ఎక్కడుంది ఇందులో?

2002లో బార్సిలోనాకి వెళ్తే కోచ్ వాన్ గాల్ అతన్ని మైదానం అంచుకి నెట్టి ఆడించాడు. కొక్కేన్ని గోడకి కొట్టకుండా మూలన పడేస్తే ఏం పనికొస్తుంది? ఏడాదికే స్పెయిన్‌లోనే ఉన్న విల్లారియల్ చేరాడు. 50 వేల జనాభా కూడా సరిగ్గా లేని ఆ ఊరి టీమ్, ఆడిన మొదటి ఛాంపియన్స్ లీగ్‌లోనే (యూరప్ క్లబ్‌ల పెద్ద టోర్నీ) సెమీస్‌కి వచ్చేసింది. 2006 ఏప్రిల్ 25, సెమీస్ రెండో మ్యాచ్, రెండు మ్యాచ్‌లూ కలిపి ఆర్సెనల్ 1-0 ముందంజలో ఉంది, ఆట ముగుస్తుందనగా పెనాల్టీ. గోల్ పడితే ఎక్స్‌ట్రా టైమ్. స్టేడియం మొత్తం టెన్షన్. రికెల్మే కొట్టాడు, ఆర్సెనల్ కీపర్ లేమన్ ఆపేశాడు. అంతే.

రెండు నెలలకే వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్. అతని కార్నర్‌కే అయాలా హెడర్, జర్మనీ మీద అర్జెంటీనా 1-0. అయినా 72వ నిమిషంలో కోచ్ పెకెర్మన్ అతన్ని బయటికి పిలిచాడు. జర్మనీ సమం చేసి షూటౌట్‌లో గెలిచింది. నన్నడిగితే తప్పంతా ఆ సబ్‌స్టిట్యూషన్‌దే.

2007లో బొకాకి తిరిగొచ్చాడు. లిబర్టాడోరెస్ ఫైనల్ రెండు మ్యాచ్‌లూ కలిపి బ్రెజిల్ క్లబ్ గ్రేమియో మీద 5-0, అందులో 3 అతనివే.

[విజువల్: ప్రెసిడెంట్ ఎన్నిక, 2023 డిసెంబర్]

ఇక ఆ చెవుల సంగతి. బొకా ప్రెసిడెంట్ ఎన్నికల్లో రికెల్మే నిలబడ్డాడు, ఎదుటి ప్యానెల్‌లో వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థి ఎవరనుకున్నారు, ఈ మధ్యలో దేశాధ్యక్షుడు కూడా అయిపోయి వచ్చిన మాక్రి. రికెల్మే గెలిచాడు. ఇప్పుడా ప్రెసిడెంట్ పదవి అతనిదే.