పెండ్లి గుర్రానికి బెల్లం: పశువైద్యుడితో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం, కడప నుంచి పశుపోషణ ఫోన్-ఇన్. మొదటి కాల్ ప్రొద్దుటూరు నుంచి. చెప్పండన్నా.

కాలర్: నమస్కారం సార్. మెరవణి గుర్రం ఉండాది మాకు. ఆడగుర్రం. ముందుకాళ్లు ఆనించలేక వెనక్కి ఒరుగుతాంది. రక్తం పరీక్ష చేసి ఇన్సులిన్ ఎక్కువుందన్నారు. మనుషుల చక్కెర రోగమేనా ఇది?

డాక్టర్: అచ్చం అదే కాదప్పా. గుర్రాల్లో రక్తంలో చక్కెర చాలాసార్లు మామూలుగానే ఉంటాది. తీపి, పిండి తిన్నప్పుడు ఇన్సులిన్ మాత్రం అమాంతం పెరిగిపోతాది. దానివల్లే గిట్టలోపల ఎముకను పట్టుకోనుండే పొరలు సడలుతాయి. లామినైటిస్ అంటారు. మెడమీద జూలు కింద కొవ్వు గట్టిపడిందా?

కాలర్: పడింది సార్. అందరూ బలే దిట్టంగా ఉండాది అంటారు.

డాక్టర్: పెండ్లివాళ్లకు అదే అందం, నాకు అదే భయం! ఏం పెడతాండావు?

కాలర్: ఉడకబెట్టిన ఉలవలు, మొక్కజొన్న నూక, బెల్లం. సాయంత్రం నేపియర్ గడ్డి. పరీక్ష చేసినాక మేతంతా సగం చేసినాం.

డాక్టర్: అక్కడే పొరపాటు. బెల్లం ఈ రోజే ఆపు. మొక్కజొన్నలో నూటికి డెబ్బై పాళ్లు పిండే, అదీ ఆపు. ఉలవల్లోనూ పిండి తక్కువేం కాదు. ఉడికిస్తే ఇంకా తొందరగా అరిగి ఇన్సులిన్‌ను లేపుతాది. గడ్డి మాత్రం తగ్గించొద్దు. కడుపు మాడితే ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలోకి దిగి, కాలేయం దెబ్బతింటాది. పొట్టి గుర్రాలకు, గాడిదలకు ప్రాణం మీదికే వస్తాది. బరువెంత?

కాలర్: 350 కిలోలుంటాది.

డాక్టర్: అయితే రోజుకు ఎండుగడ్డి ఐదుంబావు కిలోలకు తగ్గొద్దు, నానబెట్టక ముందే తూకం వెయ్యి. నేపియర్ ఒక్కటే పెడితే అందులోని ఆక్సలేట్ అనే పదార్థం కాల్షియాన్ని పట్టేసుకుంటాది, కాబట్టి ఎండు బీడుగడ్డి మేలు. వరిగడ్డిలో తీపి తక్కువే, కానీ పీచు గట్టిది, కడుపులో అడ్డం పడొచ్చు. మూడోవంతు దాటనీయొద్దు, నీళ్లు ఎప్పుడూ ముందుండాల. ల్యాబ్‌కు పంపగలిగితే గడ్డిలో చక్కెర, పిండి కలిపి కిలోకు 100 గ్రాములకు మించకుండా చూసుకో.

కాలర్: నానబెడితే తీపి పోతాదంటారు, నిజమేనా?

డాక్టర్: చన్నీళ్లల్లో అర్ధగంట నుంచి గంట దాకా నానబెట్టి, నీళ్లు పారబోసి పెడితే చక్కెర కొంత దిగుతాది. పిండి దిగదు. ఎండాకాలం మన ఎండకు తడిగడ్డి తొందరగా పులుస్తాది, తినేంతే తడుపు. ఖనిజాలూ నీళ్లల్లో పోతాయి కాబట్టి మినరల్ మిక్చర్ కలపాల. ఇంకోటి, నొప్పికని ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటే ముందే ఇన్సులిన్ సంగతి చెప్పు. కుంటినన్నాళ్లు నడిపించొద్దు. మెత్తటి ఇసకలో నిలబెట్టు.

యాంకర్: తర్వాత మైదుకూరు నుంచి.

కాలర్: సార్, మా గుర్రానికీ ఇదే. పగలంతా మాకు పని, సాయంత్రం చల్లబడినాక మేతకు విడుస్తాం.

డాక్టర్: పగలంతా ఎండలో గడ్డి తయారుచేసుకున్న చక్కెర సాయంత్రానికి ఆకులోనే నిండుంటాది. రాత్రి గడ్డి దాన్ని వాడుకుంటాది. తెల్లారకముందే విడిచి, ఎండ ఎక్కకముందే తోలుకొచ్చెయ్. ఎద్దులకు కట్టే చిక్కం ఉంది కదా, దానికి అడుగున చిన్న కన్నం పెట్టి మూతికి కట్టు. కొంచెం కొంచెంగానే తింటాది.

యాంకర్: ప్రొద్దుటూరు అన్న మళ్లీ లైన్లో ఉన్నారు.

కాలర్: సార్, కుంటు తగ్గి మళ్లీ మెరవణికి పోతే, అందరూ లడ్డు, అరటిపండు నోట్లో పెడతారు. వద్దంటే బాధపడతారు.

డాక్టర్: కళ్లెం దగ్గర నోరున్న మనిషిని పెట్టు. ఇస్తే తీసుకోని జేబులో వేసుకోమను, గుర్రం నోటికి పోనీయొద్దు. పెండ్లికొడుకు మామ ఇచ్చినా సరే.