పక్కన తవ్వే ముందు మన గోడను కొలవాలి

శ్రోతలకు నమస్కారం.

పట్టణాలలో ఖాళీ స్థలం తగ్గిపోతున్న కొద్దీ కట్టడాలు పైకి పెరగడమే కాక నేలలోకి కూడా దిగుతున్నాయి. రెండు మూడు అంతస్తుల సెల్లార్లు, మెట్రో సొరంగాలు, మురుగునీటి పెద్ద కాలువలు అన్నీ ఎవరో ఒకరి ఇంటి పక్కనే తవ్వవలసి వస్తున్నాయి. ఒక వైపు మట్టిని తీసివేసినప్పుడు మిగిలిన మట్టి ఆ ఖాళీ వైపుకు ఎంతో కొంత జరుగుతుంది. అడ్డుగా కట్టే గోడ ఎంత గట్టిదైనా ఆ జరుగుబాటును తగ్గించగలదే కాని పూర్తిగా ఆపలేదు. అందువల్ల పక్క భవనం ఎంత కదలవచ్చునో, ఎంత కదిలితే తట్టుకోగలదో, తట్టుకోలేని స్థితి రాకముందే పనిని ఎవరు ఆపాలో తవ్వకానికి ముందే నిర్ణయించుకోవాలి. కదలికల పర్యవేక్షణ ప్రణాళిక అంటే ఆ నిర్ణయాలను కాగితం మీద పెట్టడమే.

దీనిని శ్రద్ధగా చేసిన సందర్భాలలో లండన్ నగరంలోనిది నాకు అన్నిటికంటె ఆదర్శంగా కనిపిస్తుంది. 1990లలో జూబ్లీ మెట్రో మార్గాన్ని పొడిగించినప్పుడు వెస్ట్‌మినిస్టర్ స్టేషను కోసం సుమారు 39 మీటర్ల లోతుకు తవ్వవలసి వచ్చింది. ఆ గుంతకు దాదాపు 35 మీటర్ల దూరంలోనే, బిగ్ బెన్ అని లోకమంతా పిలిచే 96 మీటర్ల గడియార గోపురం ఉంది. అది 1859లో పని మొదలుపెట్టిన గడియారాన్ని మోస్తున్న పాత కట్టడం, పైగా అప్పటికే కొద్దిగా ఒరిగి ఉన్నది. ఇంపీరియల్ కాలేజీ ఆచార్యుడు జాన్ బర్లాండ్ ఈ పనికి సలహాదారుగా వ్యవహరించారు. ఇటలీలోని ఒరిగిన పీసా గోపురాన్ని నిలబెట్టిన నిపుణులలోనూ ఆయన ఒకరు. 1970లలో పార్లమెంటు ఆవరణలోనే భూగర్భ కారు పార్కింగును తవ్వినప్పుడు భవనాల కదలికలను కొలిచిన అనుభవం అప్పటికే ఆయనకు ఉంది.

అక్కడ జరిగినదానిలో మనం ముఖ్యంగా గమనించవలసినది వరుసక్రమం. గోపురం ఎంత ఒరగవచ్చునో ముందుగా లెక్క కట్టారు. 55 మీటర్ల ఎత్తున కొలిచినప్పుడు అదనపు ఒరుగు సుమారు ఒక అంగుళం దాటకూడదని హద్దు పెట్టుకున్నారు. ఆ హద్దును సమీపిస్తే ఏమి చేయాలో కూడా ముందే సిద్ధం చేశారు: గోపురం పునాది అడుగున ఉక్కు గొట్టాలను అమర్చి, అవసరమైనప్పుడల్లా వాటి ద్వారా సిమెంటు ద్రావణాన్ని ఒత్తిడితో నేలలోకి పంపి, కుంగుతున్న వైపును తిరిగి పైకి ఎత్తే ఏర్పాటు అది. 1996, 1997 సంవత్సరాలలో 20కి పైగా విడతలుగా, కొలతలు చెప్పిన మేరకు మాత్రమే ఆ పని చేశారు. కొలిచేవారు, నిర్ణయించేవారు, ద్రావణం పంపేవారు ఒకే ప్రణాళికలో పనిచేయడం వల్లనే అది సాధ్యమైంది. ఎంత మంచి పరికరాలు ఉన్నా, వాటి అంకెలు ఏదో ఒక కార్యాలయంలోని కంప్యూటరులో మిగిలిపోతే ఆ గోపురానికి ఏ మేలూ జరిగేది కాదు.

ప్రణాళికలో మొదట తేల్చవలసినది ఏ భవనాలను కొలవాలన్న విషయం. తవ్వకం ప్రభావం సాధారణంగా గుంత లోతుకు రెండు మూడు రెట్ల దూరం వరకు ఉంటుంది. మెత్తని బంకమట్టిలో అంతకంటె ఎక్కువ దూరం కూడా పోవచ్చు. అంటే 10 మీటర్ల సెల్లారుకు ఆనుకొని ఉన్న ఇల్లు మాత్రమే కాదు, దాని వెనుక ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది. ఆ హద్దులోని ప్రతి భవనానికీ పునాది ఏ రకమైనది, ఎంత లోతున ఉంది, గోడలు ఇటుకవా లేక కాంక్రీటు స్తంభాల మధ్య కట్టినవా అని విచారించాలి. భవనమంతా ఒకే విధంగా కుంగితే గొట్టాలు, మెట్లు దెబ్బతినవచ్చును గాని గోడలకు పెద్దగా హాని ఉండదు. ఒక మూల దిగి మరొక మూల దిగకపోయినప్పుడే గోడలు చీలుతాయి. కనుక కొలత బిందువులను ఒకే చోట గుమిగూర్చక, ఆ తేడా తెలిసేటట్లు భవనం పొడవునా అమర్చాలి.

రెండవది, నా దృష్టిలో అన్నిటికంటె విలువైనది, తవ్వకానికి ముందటి కొలత. గట్టి నేల మీద నిలిచిన భవనాలు కూడా ఎండకు వ్యాకోచించి, చలికి సంకోచించి, ప్రతిరోజూ కొద్దిగా కదులుతూనే ఉంటాయి. మన గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరేగడి నేలలలో ఇది మరీ ఎక్కువ. వేసవిలో నేల నెర్రెలిచ్చినప్పుడు గోడ పగులు తెరుచుకుంటుంది, వానలు పడి నేల ఉబ్బినప్పుడు అదే పగులు మూసుకుంటుంది. ఈ సహజమైన కదలిక ఎంతో ముందే తెలియకపోతే, ప్రతి పగులూ తవ్వకం వల్లనే వచ్చిందని ఇంటివారు, అన్నీ పాత పగుళ్లేనని కట్టేవారు వాదించుకుంటారు. ఎవరి మాట నిజమో తేల్చే ఆధారం ఉండదు. వీలైతే ఒక ఋతువు మారేంత కాలమైనా ముందుగా కొలతలు మొదలుపెట్టాలి. ఉన్న పగుళ్లన్నిటినీ ఫొటోలు తీసి, పొడవు, వెడల్పు, తేదీ రాసి, ఇంటి యజమాని చేత, కట్టేవారి చేత సంతకాలు చేయించాలి. ఇందుకు అయ్యే ఖర్చు ఒక్క కోర్టు వ్యాజ్యం ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ.

కొలతకు ఆధారంగా తీసుకునే స్థిర బిందువు తవ్వకం ప్రభావానికి పూర్తిగా వెలుపల ఉండాలి. ఆ బిందువు కూడా భవనంతోపాటు దిగిపోతున్నట్లయితే, కాగితం మీద ఏమీ కదలనట్లే కనిపిస్తుంది. ఇక పరికరాల విషయానికి వస్తే, కుంగుబాటుకు లెవెల్ యంత్రం, గోడ మీద అతికించిన ప్రిజాలను (కాంతిని తిప్పిపంపే గాజు ముక్కలను) దూరం నుంచి చూసి అవి జరిగాయేమో కొలిచే టోటల్ స్టేషను, ఒరుగుకు టిల్ట్ మీటరు, నేల లోపలి జరుగుబాటుకు బోరులో దించే ఇన్‌క్లినోమీటరు, భూగర్భ జల పీడనానికి పీజోమీటరు వాడుతారు. బండరాతిని పేల్చవలసి వచ్చే హైదరాబాదు వంటి చోట ప్రకంపనలను కొలిచే పరికరం కూడా అవసరం.

పగులు ఎంత వెడల్పయితే ఎంత ప్రమాదమన్నది కూడా ఊహకు వదిలిపెట్టవలసిన విషయం కాదు. బర్లాండ్, ఆయన సహచరులు 1977లో ప్రకటించిన వర్గీకరణను ఇటుక గోడలకు నేటికీ వాడుతున్నారు. దాని ప్రకారం 1 మిల్లీమీటరు లోపు పగులు రంగు వేస్తే పోయేది. 5 మిల్లీమీటర్ల వరకు పూడ్చి సరిచేసుకోవచ్చును. తలుపులు కొద్దిగా బిగుసుకోవచ్చు. 5 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్య తలుపులు, కిటికీలు బిగుసుకుపోతాయి, నీటి గొట్టాలు తెగవచ్చును. అది దాటితే గోడలో కొంత భాగాన్ని తీసి తిరిగి కట్టవలసి వస్తుంది. 25 మిల్లీమీటర్లు మించితే భవనం నిలకడకే ముప్పు.

హెచ్చరిక హద్దులను నిర్ణయించేటప్పుడు ఎంత కదిలిందన్న దానితోపాటు ఎంత వేగంగా కదిలిందన్నది కూడా చూడాలి. మూడు నెలలలో వచ్చిన 10 మిల్లీమీటర్ల కంటె ఒక్క రాత్రిలో వచ్చిన 4 మిల్లీమీటర్లే నన్ను ఎక్కువగా భయపెడతాయి. మొదటి హద్దు దాటితే కొలతలు తరచుగా తీయాలి, ఇంజనీర్లు కూర్చొని కారణం వెతకాలి. రెండవ హద్దు దాటితే తవ్వకం ఆగాలి. దానిని ఆపే అధికారం ఎవరిదో ప్రణాళికలో రాసి ఉండాలి, ఆ వ్యక్తి రాత్రి వేళ కూడా ఫోనుకు అందాలి. పని జాప్యమైతే నష్టపోయే వారి చేతిలోనే ఆ అధికారాన్ని ఉంచడం తగదని నా గట్టి అభిప్రాయం.

కొన్ని ప్రమాదాలు కొలతలకు వ్యవధి ఇవ్వవు. 2019 ఆగస్టు 31న కోల్‌కతా బవుబజారులో మెట్రో సొరంగం తవ్వే యంత్రం నీటి పొరను తాకడంతో, నీటితోపాటు మట్టి సొరంగంలోకి కొట్టుకువచ్చి, పైన దుర్గా పితురి లేన్, స్యాక్రాపాడా లేన్ వంటి ఇరుకు సందులలోని పాత ఇళ్లు పగిలి, కొన్ని కూలిపోయాయి. వందలాది మందిని హోటళ్లకు తరలించవలసి వచ్చింది. 2022లో అదే ప్రాంతపు ఇళ్లలో మళ్లీ పగుళ్లు వచ్చాయి. నీటి విషయంలో మిల్లీమీటర్ల కోసం ఎదురుచూడరాదు. గుంతలోకి మట్టితో కలిసిన బురద నీరు ఊరడమే హెచ్చరిక. అందుకే ప్రణాళికలో ఇళ్లు ఖాళీ చేయించే పద్ధతి, వృద్ధులు, రోగులు ఉన్న ఇళ్ల జాబితా, వారిని తీసుకువెళ్లే చోటు కూడా ఉండాలి. వానాకాలంలో సెల్లారు తవ్వకాలు ఆపాలని హైదరాబాదు నగరపాలక సంస్థ ఆదేశాలు ఇవ్వడం కూడా నీటి భయంతోనే.

పెద్ద పనులకు ఇంజనీర్లు ఉంటారు. నా ఆందోళన చిన్న పనుల గురించే. 2024 నవంబరులో హైదరాబాదు గచ్చిబౌలిలోని సిద్దిఖ్ నగర్‌లో, చిన్న స్థలంలో కట్టిన బహుళ అంతస్తుల భవనం, పక్క స్థలంలో గుంత తవ్విన తరువాత ఒరిగిపోగా, దానిని కూల్చివేయవలసి వచ్చింది. ఇటువంటి చోట ఖరీదైన పరికరాలు దొరకకపోయినా ప్రణాళిక ఉండవచ్చు. పగులుకు అడ్డంగా పలుచని గాజు ముక్కను సిమెంటుతో అతికిస్తే, పగులు పెరిగిన రోజున గాజు విరుగుతుంది. పగులు కొసల వద్ద పెన్సిలుతో గీత గీసి తేదీ వేయవచ్చు. పై అంతస్తు నుంచి తూకపు గుండు దారం వేలాడదీసి, గోడకు దారానికి మధ్య ఎడం మారిందేమో వారానికొకసారి, తవ్వుతున్న రోజులలో ప్రతి ఉదయం, చూడవచ్చు. గుంతను పక్క పునాది పొడవునా ఒక్కసారిగా తెరవకుండా, కొద్ది కొద్ది పొడవుగా తవ్వి కట్టుకుంటూ పోవాలని మేస్త్రీతో ముందే మాట్లాడుకోవాలి. పక్కవారి పునాది కంటె లోతుకు పోవలసి వస్తే మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరు సలహా లేకుండా ఒక్క గంప మట్టి కూడా తీయరాదు.

పని పూర్తయిందని కొలతలను వెంటనే ఆపకూడదు. బంకమట్టిలోని నీటి పీడనం సర్దుకోవడానికి ఏళ్లు పడుతుంది. లండన్ గడియార గోపురం కూడా స్టేషను పని ముగిసిన తరువాత కొన్ని సంవత్సరాల పాటు మెల్లగా ఒరుగుతూ, ఆ పైన నిలకడకు వచ్చింది. వరుసగా తీసిన కొలతలలో ఋతువుల వల్ల వచ్చే మార్పు తప్ప మరేదీ కనిపించని దాకా పర్యవేక్షణ సాగాలి. ఆ తరువాత మొదటి ఫొటోలతో సహా లెక్కలన్నిటి ప్రతిని ప్రతి ఇంటి యజమానికి అందజేయాలి.