గిటారు కొనేముందు తీగ ఎత్తు చూడండి

(బరంపురంలో తెలుగు కుటుంబాల ఆదివారం సంగీత గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. అమ్మలకు, అక్కలకు, వెనక వరసలో గిటారు సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పిల్లలకు కూడా.

నాకిచ్చిన అంశం 'అభిరుచిగా గిటారు'. లోపలికి వస్తుంటే గుమ్మంలోనే ఇద్దరు ముగ్గురు తండ్రులు పట్టుకున్నారు, "మాస్టారూ, ఏ కంపెనీది కొనమంటారు?" అని. కంపెనీ పేరు చెప్పను. మొహమాటపడి కాదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, కొట్టులో పక్కపక్కన వేలాడుతున్న రెండు గిటార్లలో ఒకటి హాయిగా పలుకుతుంది, రెండోది వేళ్ళు కోసేస్తుంది. అందుకని పేరు కంటే ముందు చూసుకోవలసింది తీగ ఎత్తు. ఫ్రెట్టు, అంటే మెడ మీద అడ్డంగా దిగ్గొట్టిన లోహపు కమ్మీ, దాని మీద నుంచి తీగ ఎంత ఎత్తున ఉందన్నది. గిటారు వాళ్ళు దీన్ని 'యాక్షన్' అంటారు. ఇవాళ నేనెటు తిరిగినా చివరికి అక్కడికే వస్తాను, ముందే చెప్పేస్తున్నాను.

మన ఊళ్ళో ఏ వీధికి వెళ్ళినా ఒక ఇంట్లో బీరువా మీద దుప్పటి కప్పిన గిటారు ఉంటుంది. అడిగితే "మనకి సంగీతం రాదులెండి" అంటారు. ఎక్కడ ఆగిపోయారని ఇంకొంచెం తవ్వితే, చాలామంది 'ఎఫ్' కార్డు దగ్గర అంటారు. కార్డంటే కలిపి మోగించే స్వరాల గుంపు. ఎఫ్ పట్టాలంటే మొదటి ఫ్రెట్టులో చూపుడు వేలు అడ్డంగా పరిచి ఆరు తీగలూ ఒక్కసారే నొక్కాలి. అదెందుకంత కష్టం? మొదటి ఫ్రెట్టు నట్ పక్కనే ఉంటుంది. నట్ అంటే మెడ చివర తీగలు కూర్చునే చిన్న తెల్ల పట్టీ. చవక గిటార్లకు ఆ పట్టీలో గాళ్ళు లోతుగా కొయ్యరు. ఎక్కువ కోస్తే తీగ ఫ్రెట్టుకు తగిలి బుర్రుమంటుంది, సరుకు వాపసు వస్తుంది. తక్కువ కోస్తే మోత రాదు, కుర్రాడి వేలు మాత్రం నొప్పెడుతుంది. వేలు నొప్పెట్టిందని ఎవరూ సరుకు వాపసు పంపరు కదా! అలా అర మిల్లీమీటరు ఎక్కువ ఎత్తు వల్ల మానేసినవాళ్ళు తమకు చెవి లేదనుకుని ఉండిపోయారు.

కొట్టుకు వెళ్ళినప్పుడు ఇలా చెయ్యండి. తీగను రెండో, మూడో ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టండి. ఇప్పుడు మొదటి ఫ్రెట్టు నెత్తిన తీగకీ లోహపు కమ్మీకీ మధ్య సందు చూడండి. పల్చటి కాగితం దూరేంత ఉండాలి. విజిటింగ్ కార్డు తేలిగ్గా దూరిపోతుంటే ఆ గాడి ఇంకా అరగదియ్యాలి. ఆరు తీగలకీ చూడండి. తర్వాత 12వ ఫ్రెట్టు దగ్గరికి రండి. జేబులో పిల్లల స్కేలు ఒకటి పెట్టుకెళ్ళండి, సిగ్గుపడకండి. లావు తీగ కింద రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ కింద రెండుకు కాస్త తక్కువ ఉంటే స్టీలు తీగల అకూస్టిక్‌కు బాగున్నట్టే. అకూస్టిక్ అంటే కరెంటు అక్కర్లేనిది. ఎలక్ట్రిక్‌కు ఒకటిన్నర, మహా అయితే రెండు. నాలుగు కనిపించిందా, "దించి ఇస్తారా?" అని అడగండి. దించడం తెలిసిన మనిషి అక్కడ ఉన్నాడా లేడా అన్నదే ఆ కొట్టుకు పరీక్ష.

ఈ సభలో వీణ తెలిసిన అమ్మలున్నారు కాబట్టి ఒక మాట. మన పక్కనే తయారయ్యే బొబ్బిలి వీణ ఒక్క పనస దుంగలోంచి తొలిచి తీస్తారు. మెట్లు మైనంలో కూర్చోబెడతారు, కావాలంటే మైనం మార్చి మళ్ళీ సర్దుకుంటారు. గిటారు ఫ్రెట్లు చెక్కలో దిగ్గొట్టినవి, కదలవు. ఏ సర్దుబాటైనా ఇటు నట్‌లో, అటు బ్రిడ్జి (పలక మీద తీగలు కట్టే దిమ్మె) మీద తీగలు ఆనే పట్టీ, శాడిల్‌లో, మెడ లోపల దాగున్న ఇనప కడ్డీలో చెయ్యాలి. కడ్డీని ట్రస్ రాడ్ అంటారు. ఆలెన్ కీతో పావు చుట్టు తిప్పి, శ్రుతి చేసి, కాసేపు ఆగి చూడాలి. బలం పెట్టి తిప్పేస్తే విరుగుతుంది. ఈ మూడూ సరిచెయ్యడమే సెటప్. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న గిటారుకు ఈ పని ఎవరూ చెయ్యకుండానే పెట్టె మీ గుమ్మంలోకి వస్తుంది. అందుకని పదివేలు అనుకుంటే ఎనిమిదిన్నర వేలకే కొనండి. మిగిలింది సెటప్‌కి, మంచి తీగలకి ఉంచండి. విశాఖో భువనేశ్వరమో వెళ్ళినప్పుడు చేయించుకు రావచ్చు.

ఇక అకూస్టిక్కా, ఎలక్ట్రిక్కా? "ముందు అకూస్టిక్ నేర్చుకో, తర్వాత ఎలక్ట్రిక్ చూద్దాం" అన్నది మన ఇళ్ళలో శాసనం. దీన్ని నేను ఒప్పుకోను. లెక్క చూడండి. మామూలు లైట్ సెట్, అంటే 12 నుంచి 53 గేజీ (తీగ లావు కొలత) స్టీలు తీగలు శ్రుతిలో ఉన్నప్పుడు ఆరూ కలిసి 70 కిలోలకు పైగా లాగుతుంటాయి. ఎలక్ట్రిక్‌కు వేసే 9 నుంచి 42 గేజీ సెట్ దాదాపు అందులో సగమే లాగుతుంది. నైలాన్ తీగల క్లాసికల్ గిటారు కూడా ఆ సగం దగ్గరే, కాకపోతే దాని మెడ నట్ దగ్గర 52 మిల్లీమీటర్ల వెడల్పు, చిన్న చేతులకు అందదు. పదేళ్ళ పాపకు వేళ్ళు తేలిగ్గా పడేది ఎలక్ట్రిక్ మీదే. చప్పుడంటారా, యాంప్ (శబ్దం పెంచే పెట్టె) పెట్టకపోతే పక్కగదికి కూడా వినపడదు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంటిల్లిపాదీ సీరియల్ చూసుకోవచ్చు.

క్లాసికల్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. నైలాన్ గిటారుకు ఎప్పుడూ స్టీలు తీగలు ఎక్కించకండి. సగం బరువు మొయ్యడానికి కట్టిన పల్చటి పలక అది. కొన్నాళ్ళకు బ్రిడ్జి జిగురు ఊడి పైకి లేస్తుంది, పలక బొజ్జ కడుతుంది.

స్టీలు తీగల అకూస్టిక్ ఇప్పటికే కొనేసి, వేళ్ళు నొప్పెడుతున్నవాళ్ళకు ఒక ఉపాయం. ఆరు తీగలనూ రెండేసి స్వరస్థానాలు కిందికి దించండి. తీగ బిగువు స్వరం వర్గంతో పాటు మారుతుంది గనక అంత మాత్రానికే లాగుడు ఇరవై శాతం పైగా తగ్గుతుంది. రెండో ఫ్రెట్టులో కేపో, అంటే ఆరు తీగలనూ అడ్డంగా నొక్కి పట్టే క్లిప్పు, బిగించండి. శ్రుతి మళ్ళీ మామూలు శ్రుతే. ఫ్రెట్లు దగ్గరదగ్గరగా వస్తాయి, నట్ ఎత్తు బాధ కూడా తప్పుతుంది. ఎఫ్ కార్డు మీద అలిగి కూర్చున్నవాళ్ళు ఈ రాత్రే చేసి చూడండి.

ఎలక్ట్రిక్ అంటే రాక్ సంగీతం కోసం పుట్టిందని అనుకుంటారు. మన పెద్దలు మాత్రం ఆ మాట నమ్మరు, ఎందుకంటే బెంగాల్లోనూ ఒడిశాలోనూ పాత తరానికి గిటారు అంటే ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టి, ఇనప కడ్డీ జార్చుతూ వాయించే హవాయన్ గిటారే. 1940ల్లో హవాయి నుంచి వచ్చి కలకత్తాలో ఉన్న టౌ మో లాంటి గిటారు వాద్యకారుల వల్ల ఆ గాలి ఇటు వీచింది. మార్కెట్లోకి వచ్చిన తొలి ఎలక్ట్రిక్ గిటారు కూడా ఆ జాతిదే. 1932లో అమెరికాలో రికెన్‌బాకర్ వాళ్ళు అమ్మిన అల్యూమినియం లాప్ స్టీల్ అది. గుండ్రటి ఒళ్ళు, పొడుగాటి మెడ, అందుకే దాన్ని 'పెనం' అని పిలిచేవారు. బ్యాండులో బాకాల మధ్య గిటారు వినపడకపోవడమే అప్పటి బాధ. ఫెండర్ టెలికాస్టర్ 1950, 51లో, గిబ్సన్ లెస్ పాల్ 1952లో, ఫెండర్ స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చాయి. ఇప్పుడు కొట్లో చూసే ఎలక్ట్రిక్ గిటార్లలో ఎక్కువ భాగం ఆ మూడింటి పిల్లలే.

చెక్క గురించి కుర్రాళ్ళు గంటలు గంటలు వాదించుకుంటారు. ఎలక్ట్రిక్‌లో తీగ కదలికను పట్టేది అయస్కాంతం చుట్టూ వేల చుట్లు తిరిగిన సన్నటి రాగి తీగ. దాన్నే పికప్ అంటారు. చెక్క పాత్ర లేదనను గానీ, యాంప్ మార్చితే వచ్చే తేడా ముందు అది ఏపాటిది? గిటారుకు ఇరవై వేలు పోసి, యాంప్‌కు రెండు వేలు విదిల్చేవాళ్ళను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఇంట్లోకి పది ఇరవై వాట్లు చాలు, కానీ అది మంచిదై ఉండాలి.

అకూస్టిక్‌లో మాత్రం చెక్కే సర్వం. మన తూర్పు కనుమల్లో పెరిగే జిట్రేగినే బయటివాళ్ళు ఇండియన్ రోజ్‌వుడ్ అంటారు. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమయ్యాక, 1960ల చివర్లో అమెరికా మార్టిన్ కంపెనీ గిటార్ల వెనక పలకలకు మన దేశపు రోజ్‌వుడ్ మీదికి మారింది. ఈ జాతి చెట్లన్నీ 2017 నుంచి అంతర్జాతీయ నియంత్రణలోకి వచ్చాయి. వాద్యాలకు 2019లో సడలింపు ఇచ్చారు. మా తాతల ఇళ్ళలో మంచాలకీ కుర్చీలకీ వాడిన కర్ర, ఇప్పుడు లక్షల గిటారు వెనక చూసి మురిసిపోతున్నాం.

కానీ మన ఊరికి ముందు కావలసింది గాలికి తట్టుకునే గిటారు. అకూస్టిక్ గిటార్లకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉండాలని తయారీదారులు చెబుతారు. గోపాల్‌పూర్ సముద్రం మనకు పదిహేను పదహారు కిలోమీటర్లు. వానాకాలంలో ఇక్కడ ఆ అంకె ఎక్కడ నిలుస్తుంది? చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, పై పలక పొంగుతుంది, దాంతో పాటు బ్రిడ్జి లేస్తుంది, తీగ ఎత్తు పెరుగుతుంది. మాఘంలో బాగా పలికిన గిటారు శ్రావణంలో మొండికేస్తే తప్పు మీ వేలిది కాదు. మెడలోని కడ్డీ తిప్పించే ముందు తేమ సంగతి చూడండి. కోరాపుట్, జయపురం వైపు చలికాలంలో దీనికి తలకిందులు. అక్కడ గాలి పొడిబారి ఫింగర్‌బోర్డు కుంచించుకుపోతుంది, ఫ్రెట్ల కొనలు అంచుల్లోంచి పొడుచుకొచ్చి అరచేతికి గీరుకుంటాయి. సన్న ఆకురాయితో అరగదీస్తే సరి, గిటారు పాడైపోయిందని అమ్మేసుకోవద్దు.

అందుకనే అంటాను, తీరంలో ఉండేవాళ్ళకు మొదటి గిటారు లామినేట్, అంటే పొరలు అతికించిన పలకదే మేలు. పొరలు అడ్డదిడ్డంగా పేర్చి ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి కదలనివ్వవు. సాలిడ్ టాప్, అంటే పొరలు లేని అచ్చమైన చెక్క పలక, దాని నాదం గొప్పదే, కాదనను. అయితే దాన్ని సంచిలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, చిన్న తేమ మీటరు కొనుక్కుని కాపలా కాసే ఓపిక ఉండాలి. రాత్రి ఏసీలో, పగలు కిటికీ పక్కన ఉంచితే అంతకంటే అపకారం లేదు. బయటి గోడకు వేలాడదియ్యకండి, చెమ్మ గోడలోంచి వస్తుంది. ఉప్పు గాలికి తీగలు కూడా తొందరగా తుప్పు పడతాయి. వాయించగానే పొడిగుడ్డతో తీగ కింద కూడా తుడవండి. పూత వేసిన తీగలు ధర ఎక్కువే గానీ ఈ ఊళ్ళో డబ్బు గిట్టుబాటవుతుంది.

ఎలక్ట్రిక్ వాళ్ళకు ఇంకో సంగతి, నవ్వులాట కాదిది. సింగిల్ కాయిల్ పికప్ ఉన్న గిటారు యాంప్‌కు పెట్టగానే గుయ్యిమంటుంది. అది మన కరెంటు 50 హెర్ట్‌జ్ పాడే పాట. గిబ్సన్‌లో సేత్ లవర్ 1955లో రెండు కాయిళ్ళు ఎదురెదురుగా చుట్టి, ఒకటి పట్టిన మోతను రెండోది కొట్టేసేలా చేశాడు. హంబకర్ అదే. తీగల మీద చెయ్యి వేస్తే మోత తగ్గుతుందని గమనించే ఉంటారు. తీగలు బ్రిడ్జి ద్వారా ఎర్త్‌కు కలిపి ఉంటాయి. మరి మీ ఇంట్లో అసలు ఎర్త్ ఉందా? పాత ఇళ్ళలో ప్లగ్గుకు మూడో కన్నం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. యాంప్‌లో ఏదైనా తేడా వస్తే ఆ కరెంటు మీ వేళ్ళలోకే. ఠాకురాణీ యాత్ర పందిళ్ళలో, మెలోడీ పార్టీల స్టేజీల మీద ఒక చేత్తో గిటారు పట్టుకుని మైకుకు పెదవి ఆనిస్తే చురుక్కుమన్న కుర్రాళ్ళు ఇక్కడే ఉన్నారు, తలలూపుతున్నారు చూడండి. యాంప్ కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి.

ఇంట్లో ఒక అకూస్టిక్ కూడా ఉండాలనడానికి నాకున్న పెద్ద కారణం 2013 అక్టోబరు. ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు చచ్చిపోయాయి. మేడ మీద చేరిన నాలుగిళ్ళవాళ్ళకీ దొరికిన కాలక్షేపం ఆరు తీగల డబ్బా ఒక్కటే. ఆ రాత్రులు ఎవరూ దాని కంపెనీ అడగలేదు.

"మన సంగీతం దీని మీద పలుకుతుందా?" అని పెద్దలు అడుగుతారు. పాలకొల్లు పిల్లవాడు మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద, జంట తీగలు తీసి ఐదు ఒంటి తీగలు కట్టుకుని కర్ణాటక సంగీతం పలికించి చూపించాడు. గిటారు మీద గమకం కావాలంటే తీగను పక్కకు లాగాలి. 12 గేజీ అకూస్టిక్ మీద మూడో తీగ లాగి చూడండి, చుట్టు తీగ కాబట్టి అంగుళం కదలదు. 9 గేజీ ఎలక్ట్రిక్ మీద అదే మూడో తీగ నున్నటిది, స్వరం నుంచి పై స్వరానికి వేలు నొప్పి లేకుండా వెళ్తుంది. మోహన ఆరోహణ ఒకటి నెమ్మదిగా, ప్రతి గాంధారాన్నీ కింది నుంచి లాగుతూ వాయించండి. మీకే తెలుస్తుంది.

మనమెవరం కచేరీలు చెయ్యబోవడం లేదు. ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పావుగంట వాయించుకుంటాం. ఆ పావుగంట రోజూ రావాలంటే గిటారు బీరువా మీద, సంచిలో, జిప్పు వెనక ఉండకూడదు. గదిలో నడిమి గోడ పక్కన స్టాండు మీద, చెయ్యి చాస్తే అందేట్టు ఉండాలి. వానాకాలంలో మాత్రం సంచిలోకి. ఇంకో మాట, మూడో గిటారు కొనాలన్న కోరిక పుట్టినప్పుడు ముందు ఉన్నదానికి కొత్త తీగలు వేసి చూడండి. సగం సార్లు ఆ కోరిక అక్కడే చల్లారుతుంది. చల్లారకపోతే కొనుక్కోండి, సరదాకే కదా, మీ ఆవిడ దగ్గర నా పేరు మాత్రం చెప్పకండి.

రెండు గిటార్లు తెచ్చాను. ఒకటి నట్ అరగదీసింది, ఒకటి ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే. రెండింటి మీదా ఎఫ్ కార్డు పట్టి చూడండి, మీ గిటార్లు తెచ్చినవాళ్ళు స్కేలు ఇక్కడుంది, కొలుచుకోండి. అప్పడాలూ ఆవకాయా తగిలిన చేతులు మాత్రం కడుక్కుని రండి బాబూ, తీగలు నిన్ననే మార్చాను.